ఊక పొయ్యి

పొద్దున లేవగానే మొగిలవ్వ పని పొయ్యి నింపడం. రేకు డబ్బా నడుమ ఒక నున్నటి కర్ర నిలబెట్టి, దాని చుట్టూ వడ్ల ఊక పోసి పిడికిలితో కూరేది. గట్టిగా కూరాక కర్రను మెల్లగా పైకి గుంజేది. ఊక కూలేది కాదు. నడుమ బోలు మిగిలేది. కింది రంధ్రం దగ్గర నిప్పు పెడితే మంట ఆ బోలులోంచి ఎక్కేది. ఊక గట్టిగా కూరితే పొగ రాదు. ఆమె ఎప్పుడూ గట్టిగానే కూరేది.

జగిత్యాల దాటాక, కోరుట్ల రోడ్డు మీద, ఒక రైస్ మిల్లు గేటు ముందు ఆమె చాయ్ హోటల్. నాలుగు గుంజలు, పైన ఒక రేకు. భర్త ఆగయ్య పెగడపల్లిలో కల్లు గీసేవాడు. తాడిచెట్టు మీది నుంచి పడ్డాక నడుము లేవలేదు. ఇప్పుడు కూర్చుని గ్లాసులు కడుగుతాడు. ఇద్దరి బతుకూ ఆ గేటే.

అప్పట్లో మిల్లుకు ఊక ఒక పీడ. గుట్టలుగా పడి ఉండేది. గాలి లేస్తే అన్నంలో రాలేది. మిల్లు సేటు రాజేశం తనే వచ్చి అడిగేవాడు.

"మొగిలవ్వా, ఇంకో రెండు బస్తాలు కొంచవోరాదే. నీకు పుణ్యముంటది."

"పుణ్యం నువ్వే ఉంచుకో సేటూ. బస్తాలైతే మీ హమాలీలతోని ఏపియ్యి."

రాజేశం కాలం చేశాడు. మిల్లు కొడుకు శ్రీహరి చేతికి వచ్చింది. చిన్నప్పుడు మొగిలవ్వ చాయ్‌లో బన్ను ముంచుకుని తిన్నవాడే. అతను ఊకను కాల్చి కరెంటు తీసే యంత్రం తెచ్చాడు. గేటు మీద పచ్చటి బోర్డు లేచింది.

"ఇగ కరెంటు కొనుడు లేదవ్వా. మన ఊకతోనే మన మిల్లు నడుస్తది. బొగ్గు కరెంటు బంద్. మంచిదే గదా?"

"మంచిదే కొడుకా. మరి నా పొయ్యి?"

శ్రీహరి నవ్వాడు. "నీ పొయ్యికెంత? పిడికెడు."

ఆ పిడికెడు కొన్నాళ్లు దొరికింది.

కరెంటు చవకైంది. చవకైనది ఊరికే ఉండలేదు. శ్రీహరి వడ్లు పట్టే యంత్రాలు ఇంకో వరస దించాడు. పగలు నడిచే మిల్లు రాత్రి కూడా నడిచింది. మునుపటికన్నా ఎక్కువ కరెంటు తాగింది. సొంత ఊక చాలలేదు. మెట్‌పల్లి నుంచి, సిరిసిల్ల నుంచి ట్రాక్టర్లు రావడం మొదలైంది. ఊకకు షెడ్డు కట్టారు. షెడ్డుకు తాళం వేశారు.

మొగిలవ్వ సంచి పట్టుకుని కోరుట్లలో ఇంకో మిల్లుకు పోయింది. గుమస్తా సంచి చూశాడు.

"ఊకనా? మీ జగిత్యాల సేటే అంత ఊడ్చుకపోతున్నడు తల్లీ. ఆయన్నే అడుగు."

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

గ్యాస్ పెట్టి చూసింది. చాయ్ ధర పెంచితే హమాలీలు మొహం చాటేశారు. గ్యాస్ వదిలేసింది. తుమ్మ కట్టెలు తెచ్చింది, సగం పచ్చివి. పొగ గేటు దాకా పాకింది. ఆగయ్యకు దగ్గు పట్టుకుంది.

"చాయ్ కాస్తున్నవా, దోమలు ఎల్లగొడుతున్నవా?" అన్నాడు ఒక హమాలీ.

"రెండూ. దోమలది ఫ్రీ."

ఒక సాయంత్రం మిల్లు వాచ్‌మన్ తిరుపతి వచ్చాడు. ఆమె అక్క కొడుకు. చాయ్ అడగలేదు.

"చిన్నమ్మా, ఎల్లుండి హైదరాబాద్ నుంచి సార్లు అస్తున్నరు. పచ్చ మిల్లు అని అవార్డు ఇస్తరట. గేటు కాడ పొగ కనవడితే హోటల్ తీసేయుమన్నడు సేటు."

"పొగ రాకుంటే?"

"రాకుంటే ఏమంటడు?"

ట్రాక్టర్లు గేటు దగ్గర మలుపు తిరిగేటప్పుడు కొంత ఊక రోడ్డు మీద రాలేది. మర్నాడంతా మొగిలవ్వ చీపురు పట్టుకుని ట్రాక్టర్ల వెనక నడిచింది. రాళ్లు ఏరింది, మన్ను చెరిగింది. పొయ్యికి సరిపోయింది.

ఆ పొద్దున ఎన్నడూ లేనంత గట్టిగా కూరింది. మంట నిటారుగా లేచింది. పొగ లేదు.

కార్లు ఆగాయి. సార్లలో ఒకాయన పొయ్యి దగ్గరకే వచ్చి వంగి చూశాడు.

"భలే ఉందే! ఇది మీ మిల్లు ఊకేనా?"

"మాదే సార్," అన్నాడు శ్రీహరి. "చుట్టుపక్కల బీదోళ్లకు ఊరికే ఇస్తాం."

ఆయన మొగిలవ్వ వైపు తిరిగాడు. "ఇస్తారా అమ్మా?"

చీపురు ఆగయ్య పక్కనే ఉంది. తిరుపతి నేల చూస్తున్నాడు. గేటు తెరిచి ఉంది.

"ఇస్తరు," అంది.

ఫొటో తీసుకున్నారు. కార్లు తిరిగి వెళ్లేటప్పుడు ఆమె శ్రీహరి వెంట నాలుగడుగులు నడిచింది.

"ఇస్తరని చెప్పిన కొడుకా. ఇగ ఇయ్యి."

"చూద్దాం అవ్వా."

మర్నాటి నుంచి ట్రాక్టర్లు టార్పాలిన్ పట్టాలు కప్పుకుని వచ్చాయి. రోడ్డు మీద చిటికెడు ఊక కూడా రాలలేదు. మొగిలవ్వ మళ్లీ పచ్చి కట్టెలు పెట్టింది. కొన్నాళ్లకు తిరుపతి వచ్చాడు.

"అవార్డు అచ్చింది చిన్నమ్మా. గేటు ముంగట చెట్లు పెడుతరట. పొగ ఎక్కువైందంటున్నడు. రేపు రేకు ఇప్పుకోమన్నడు."

"చెట్లకా జాగ?"

"అవును."

"కూసో. చాయ్ తాగు."

కట్టెలు అయిపోయాయి. ఆమె చుట్టూ చూసింది. గుంజకు ఆనించిన నున్నటి కర్రను తీసి, మోకాలి మీద విరిచి, పొయ్యిలో పెట్టింది. ఏళ్లుగా ఎండిన కర్ర. పొగ రాలేదు.