వీధి చివరిదాకా ఒక రౌండు

పోయిన ఆదివారం మా అల్లుడు మా వాకిట్లో తన మోటార్‌సైకిల్ కడుక్కున్నాడు. ఇప్పటి పిల్లలకి అన్నిటికీ మెషిన్లే కదా, తుపాకీలా నీళ్లు చిమ్మే పంపొకటి వెంట తెచ్చుకుని పది నిమిషాల్లో పని ముగించాడు. తుడిచి, తాళం పెట్టి, చికెన్ తెస్తానని బయల్దేరబోతుంటే నేను పోయి గేటుకి అడ్డంగా నిలబడ్డాను. "వీధి చివరిదాకా మెల్లగా పోయి, నాలుగైదుసార్లు బ్రేకు పట్టి రా నాయనా. ఆ తర్వాతే బజారు" అన్నాను. "ఇది డిస్క్ బ్రేకు అత్తయ్యా, నీళ్లు పడితే ఏం కాదు" అని నవ్వాడు. నేను కదలలేదు. పెద్దదానికి చాదస్తం అనుకున్నాడేమో, పోయి వచ్చాడు.

మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గురజాల చుట్టుపక్కల ఏ ఊళ్లో గేదె మేత మానేసినా ఆయన బండి అక్కడ ఉండాల్సిందే. వారమంతా నల్లరేగడి బురద, పేడ, సున్నపు బట్టీల దుమ్ము పూసుకుని ఇంటికొచ్చే ఆ బండికి ఆదివారం తలంటు. పెళ్లాం తలనొప్పి అంటే అమృతాంజనం డబ్బా చేతికిచ్చి ఊరుకునే మనిషి, బండి ఇంజన్లో చిన్న చప్పుడు మారితే కాఫీ తాగడం కూడా ఆపేసి వినేవారు. ముందు సైలెన్సరు మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరుబ్యాండు వేసేవారు. చైనుకి కిరసనాయిలు. మా ఇంట్లో పళ్లు తోమి అరిగిన బ్రష్‌ని పారేయడమనేది లేదు, అన్నీ చివరికి చైను దగ్గరికే చేరేవి. సైలెన్సరుకి చింతపండు, సీటుకి కొబ్బరినూనె. "నా ఇత్తడి బిందెకి కూడా ఇంత చింతపండు పెట్టలేదండీ నేను" అంటే, "నీ బిందె రోజూ నలభై కిలోమీటర్లు పోయొస్తే దానికీ పెడతా" అనేవారు. నీళ్లు మాత్రం చెంబుతోనే పోసేవారు. పైపు ముట్టనిచ్చేవారు కాదు. మా ఊళ్లో నీళ్ల కరువు తెలిసిందే కాబట్టి, అది పొదుపనుకున్నాను.

అంతా అయ్యాక బండెక్కి, మెల్లగా వీధి చివరిదాకా పోయి, ఆగి, మళ్లీ కదిలి, మళ్లీ ఆగి, తిరిగొచ్చేవారు. అరుగుల మీద ఆడవాళ్లు చూస్తారని ఆ షోకు అనుకునేదాన్ని. "పెళ్లికొడుకు ఊరేగింపు అయిందా?" అని ఏడిపిస్తే నవ్వేవారే తప్ప కారణం చెప్పలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో నేనూ అడగలేదు.

పన్నెండేళ్ల కిందట, ఒక ఎండాకాలం. టీకాల పనిమీద ఆ ఆదివారం కూడా ఆయన్ని పొద్దున్నే జీపులో తీసుకెళ్లారు. బండి పెరట్లో దుమ్ము కొట్టుకుని ఉండిపోయింది. మధ్యాహ్నం వచ్చి, పెరటివైపు చూడకుండానే నాలుగు ముద్దలు తిని పడుకున్నారు. అలిసిపోయిన ఆ మొహం చూస్తే జాలేసింది. లేచేసరికి బండి తళతళలాడితే సంతోషిస్తారు కదా అనిపించింది. నాకు బీపీ. ఎండలో తల తిరిగి అంతకుముందు ఒకసారి పడ్డాను, అప్పటినుంచి పన్నెండు దాటాక నన్ను పెరట్లోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఆయన నిద్రపోతున్నారు కాబట్టి ధైర్యంగా పైపు తగిలించి, చక్రాల నడిమధ్యకి సూటిగా పట్టి, పేరుకున్న మట్టంతా పోయేదాకా కడిగాను. పాత చీర ముక్కతో తుడిచాను. నా చేతిపని చూసి నాకే ముచ్చటేసింది.

తుడవడం అయి, ఆ ఎండకి నేల ఆరిందో లేదో ఆయన ఫోను మోగింది. పక్క ఊళ్లో గేదె ఈనలేక అవస్థ పడుతోందట. చొక్కా తొడుక్కుంటూ పెరట్లోకి వచ్చి, బండిని చూసి ఆగిపోయారు. "ఏమే, ఎప్పుడు కడిగావు?" అన్నారు.

"పొద్దున్నే కడిగానండీ, నీడ ఉన్నప్పుడు" అన్నాను. తిడతారని, అంతే. అంతకు మించి ఆ అబద్ధంలో ఏమీ లేదు.

"బాగా కడిగావే" అన్నారు. రౌండు వెయ్యలేదు. నేరుగా వెళ్లిపోయారు.

ఊరు దాటగానే మొదటి మలుపులో మిరపకాయ బస్తాల ట్రాక్టరు ఆగి ఉంది. ఆయన దాని వెనక్కి గుద్దుకున్నారు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

అతివేగం అని కాగితాల్లో రాశారు. ఊరూ అదే అంది. మా అత్తగారూ అదే నమ్మింది. నెల తర్వాత మా వీధి మెకానిక్ భాయి ఆ బండిని స్టేషన్ నుంచి తెచ్చి విప్పి చూశాడు. మా ఆయనకి బండి పనులన్నీ నేర్పింది అతనే. సాయంత్రం వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "బ్రేకు షూలు మొన్ననే ఏశానక్కా. కేబులు చానా బాగుంది. పట్టకపోటం ఏందో నాకు అర్థం కావట్లా. కడిగిన రోజైతే అనుకోవచ్చు. చక్రం డ్రమ్ములో నీళ్లుంటే బ్రేకు జారుద్ది. అందుకే సారు కడిగినప్పుడల్లా రౌండేసి, బ్రేకు పట్టి పట్టి తడి ఆరబెట్టేవోడు. నేనే చెప్పా ఆయనకి." తలెత్తి అడిగాడు. "ఆ రోజు కడగలేదుగా?"

"లేదు భాయ్" అన్నాను.

మొదటి అబద్ధం తిట్లకి భయపడి చెప్పింది. రెండోది ఎందుకు చెప్పానో నాకు బాగా తెలుసు. నిజం చెబితే నేను ఆయన భార్యను కాకుండా ఇంకేదో అయిపోతానని భయపడ్డాను. పొద్దున్నే కడిగానన్నాను కాబట్టే, బ్రేకు ఈపాటికి ఆరి ఉంటుందని నమ్మి వెళ్లారాయన. జీవితంలో ఒక్కసారి కూడా అజాగ్రత్తగా బండి నడపని మనిషిని దూకుడు మనిషిగా ఊరికి వదిలేశాను.

మా అత్తగారు ఆ తర్వాత పదేళ్లు నా దగ్గరే ఉంది. అన్నం తింటూ తింటూ ఒక్కోసారి చెయ్యి ఆపేసేది. నేను ఏడుస్తున్నానని కనిపెట్టి, ఎడమ చేత్తో నా వీపు నిమిరేది. "ఏడవబాక అమ్మా. నీదేం తప్పుంది? నా కొడుకే ఆత్రగాడు. ఎన్నిసార్లు చెప్పినా ఇన్లా" అనేది. నేను ఆవిడ కంచంలో ఇంకాస్త మజ్జిగ పోసేదాన్ని. రేపు చెబుదాం అనుకునేదాన్ని. చివరి రోజుల్లో ఆవిడ మంచం పక్కనే పడుకున్నాను, అప్పుడూ చెప్పలేదు. తన కొడుకు ఆత్రగాడనే నమ్మి వెళ్లిపోయింది ఆ తల్లి. ఆవిడకి నిజం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నాకు పదేళ్లు ఇచ్చింది కాలం, అవన్నీ ఖర్చయిపోయాయి గానీ ఆ రెండు నిమిషాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.