బోనాల సెలవు ఎక్కడ రాసి ఉంది?

రేణుక ఆ ఒక్కరోజు సెలవు అడగదు. చెబుతుంది.

"ఎల్లుండి ఐతారం రాను మేడం. బోనాలు," అని చీపురు మూలన పెట్టి వెళ్లిపోతుంది. మిగతా ఏడాదంతా ఒంట్లో జ్వరమున్నా "జర లేటయితది మేడం, ఏమనుకోకుండ్రి" అని బతిమాలుకునే మనిషి, ఆ ఆదివారం విషయంలో మాత్రం ఎవరినీ బతిమాలదు.

ఆమెది నారాయణపేట దగ్గర పల్లె. భర్త రాజయ్యతో మట్టి పనికి నగరంలోని ఈ కొత్తగూడకు వచ్చింది. మేముండే ఈ టవర్లు పునాదుల్లో ఉన్నప్పుడు ఇద్దరూ ఇక్కడే ఇసుక మోశారు. కట్టడం పూర్తయ్యాక రాజయ్య మణికొండలో వాచ్‌మన్‌గా కుదిరాడు, రేణుక మా ఇళ్లలో పనికి చేరింది. కూతురు భవానికి డెంగీ వచ్చి దవాఖానలో పడుకున్నప్పుడు, పిల్ల ఇంటికొస్తే ఏటా నెత్తిన బోనమెత్తుతానని బస్తీ పోచమ్మకు మొక్కుకుంది. పిల్ల ఇంటికొచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. రేణుక ఒక్క ఏడు కూడా మొక్కు తప్పలేదు.

నిరుడు మా టవర్ల సంఘానికి కొత్త కమిటీ వచ్చింది. కార్యదర్శి శ్రీనివాసులు గారు పెద్ద కంపెనీలో కాంట్రాక్టులు చూసే మనిషి. వస్తూనే పక్క టవర్ల సంఘంతో ఒప్పందం రాసుకున్నారు. అనుమతి లేకుండా పని మానేసిన వాళ్ల గేటు పాస్ రద్దు. ఒకచోట రద్దయితే రెండోచోట కూడా రద్దు. బోనాల ముందు ఆ కబురు వాట్సాప్‌లో పెట్టి, ఆ ఆదివారానికి ఎవరికీ అనుమతి లేదని కింద మరో ముక్క చేర్చారు. రేణుక పనిచేసే ఇళ్లన్నీ ఈ రెండు గేట్ల లోపలే ఉన్నాయి. బోనమెత్తితే బతుకు పోతుంది, బతుకు చూసుకుంటే మొక్కు పోతుంది.

నాకు ఒళ్లు మండింది. నేను లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెబుతాను. రెండు దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటే, ఒప్పుకోని మూడో దేశం నెత్తిన దాని బరువు పెట్టకూడదు. ఇది మొదటి నెలలో చెప్పే పాఠం. ఇక్కడ రెండు సంఘాలు ఏసీ గదిలో కాఫీ తాగుతూ సంతకాలు చేసుకున్నాయి. బరువు మాత్రం ఆ గదిలోకి కూడా రానివ్వని రేణుక మీద పడింది. రేణుకను వెంటబెట్టుకుని నేరుగా కమిటీ మీటింగుకే వెళ్లాను.

"ఆవిడకి బోనాల సెలవుందని ఎక్కడ రాసుందండి? చూపించండి," అన్నారు శ్రీనివాసులు గారు.

కోపంలో నేను అంతర్జాతీయ కార్మిక సంస్థను లాక్కొచ్చాను. ఇంటిపని చేసేవాళ్లకు వారానికో రోజు విశ్రాంతి ఉండాలని దేశాలన్నీ కలిసి ఒప్పందం తయారుచేశాయి, మన దేశం దానికి ఓటేసింది అన్నాను. ఆయన ఫోన్‌లో ఏదో వెతికి నవ్వారు.

"ఓటేసిందండి. ఆమోదించలేదు. ఆ తేడా మీకు నేను చెప్పాలా?"

ఆయన చెప్పింది నిజమే. అందుకే ఇంకా మండింది. ఒప్పందానికి ఓటేసినా, ప్రభుత్వం దాన్ని తనదిగా ఆమోదించేదాకా అది దేశాన్ని కట్టిపడేయదు. జెనీవాలో ఆ సంస్థ సభలో పదిమంది ముందు చెయ్యెత్తి, ఇంటికొచ్చి ఇన్నేళ్లుగా ఆ ఊసే ఎత్తకపోవడం ఏం మర్యాద? ఎత్తిన ఆ చేతికి సిగ్గుండాలి.

"న్యాయమంతా కాగితం మీదే ఉంటుందని ఎవరు చెప్పారు మీకు?" అన్నాను. "దేశాల మధ్య న్యాయానికి ఒప్పందాలు ఒక ఆధారం. ఆచారం ఇంకో ఆధారం. ఏళ్ల తరబడి అందరూ ఒక పని ఒకేలా చేస్తూ, అలా చేయాల్సిందే అనుకుంటే, రాయకపోయినా అది చట్టమే. రాయబారి మీద చెయ్యి వేయకూడదని ఏ కాగితమూ లేని రోజుల్లోనే రాజులు పాటించారు. ఇష్టం లేనివాడు మొదటినుంచీ కాదంటూ ఉండాలి. ఈమె ఏటా వెళ్తోంది. మీరెప్పుడైనా కాదన్నారా?"

"అది మా మంచితనమండి. ఆవిడ హక్కు కాదు."

గట్టి దెబ్బే కొట్టారు. మంచితనంతో చేసేది ఆచారం కాదు, చేసి తీరాలి అనుకుని చేస్తేనే ఆచారం. దాన్ని రుజువు చేయడం కోర్టుల్లోనే కష్టం. అంతలో వెనక కుర్చీలోంచి ఆయన భార్య ప్రశాంతి లేచింది.

"మంచితనమేంటండీ? ఆవేళ రేణుక రాదని నాకు తెలీదా? శనివారమే ఇల్లంతా సర్దేసుకుంటాను. కొబ్బరికాయా గాజులూ ఇచ్చి పంపేది నేనే. మొక్కున్న మనిషిని పనికి రమ్మని ఎలా అంటామండీ, తప్పు కాదూ?"

ఆచారానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. కమిటీ మాత్రం కదల్లేదు. "రూల్ రూలేనండి," అన్నారు శ్రీనివాసులు గారు.

ఆదివారం రేణుక బోనమెత్తింది. సోమవారం పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్‌లో ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు వచ్చింది. పాస్ రద్దయిందని గార్డు ఆమెను బయటే ఆపేశాడు.

అంతర్జాతీయ న్యాయానికి పోలీసులేరి మేడం అని నా విద్యార్థులు ఏటా అడుగుతారు. మాట తప్పినవాడితో మిగతావాళ్లు వ్యవహారం ఆపేస్తారు, అదే దాని బలం అంటాను. వాళ్లు నమ్మరు. ఆ పొద్దున వాళ్లు మా గేటు దగ్గర ఉండాల్సింది.

బోనాలకు పోకుండా ఆదివారం పనిచేసిన గంగమ్మ ముందుగా వచ్చింది. ఆమె పాస్ చక్కగా పనిచేస్తోంది. రేణుకను చూసి ఆగిపోయింది.

"దీన్ని పంపకుంటె నేను గూడ పోను," అని ఫుట్‌పాత్ మీద కూర్చుంది. వెనక వచ్చినవాళ్లూ ఒక్కొక్కరే కూర్చున్నారు. పైన ఫ్లాట్లలో ఆఫీసు కాల్స్ మొదలయ్యాయి, పసిపిల్లల ఏడుపులు మొదలయ్యాయి, శ్రీనివాసులు గారి ఫోన్ ఆగకుండా మోగింది. మధ్యాహ్నానికి ఎర్ర గుర్తు పోయింది.

సాయంత్రం ఆయన కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. "రాసే ఇస్తున్నామండి ఈసారి. సంతోషమేగా?"

గిన్నెలు తోముతున్న రేణుకకు చదివి వినిపించాను. బోనాలకు సెలవు ఉంటుంది. నెల ముందు చెప్పి ఎవరైనా రద్దు చేసుకోవచ్చు.

"అంటే రేపు వద్దనుకుంటె తీసేస్తరా సార్?"

"అన్ని కాంట్రాక్టుల్లోనూ ఉండేదేనమ్మా."

"గట్లయితె నాకొద్దు సార్. ఇన్నేండ్ల సంది ఎవలు రాసిచ్చిన్రని పోతున్న?" అని మళ్లీ గిన్నెల వైపు తిరిగింది.

ఆయన కాగితం మడుచుకుని వెళ్లారు. నాకు కోపం మాత్రం పోలేదు. ఇరవై నాలుగు గంటలు అమ్మవారి కోసం తీసుకుంటే బతుకు లాక్కోబోయారు, ఓడిపోయాక దాన్నే దానంగా ఇవ్వబోయారు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. మొన్న శుక్రవారం లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే శ్రీనివాసులు గారి గుమ్మంలోంచి రేణుక గొంతు వినిపించింది.

"ఎల్లుండి ఐతారం రాను సార్. బోనాలు."

ఆయన తలూపి పక్కకు జరిగారు. లోపల్నుంచి ప్రశాంతి కొబ్బరికాయ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.