పట్ట కింద ఉడికిన విత్తనం

ఆ వీధిలో అందరూ ఆమెను గొడుగు పిన్ని అనేవారు. మండుటెండలోనైనా చంకలో గొడుగు లేనిదే గడప దాటేది కాదు. "పిన్నీ, ఆ గొడుక్కి పెళ్ళెప్పుడు? ముదిరిపోతోంది!" అని కుర్రకారు ఏడిపిస్తే, "మీ ఇంట్లో సంబంధం ఉంటే చెప్పండి, కాళ్ళు వంకరైనా సర్దుకుంటాం" అనేది నవ్వకుండా.

వాన భయం ఆమెకు కాపురానికి వచ్చిన తొలి ఏడే పట్టుకుంది. కళ్ళంలో ఆరబెట్టిన జొన్న కంకులకు కాపలా కూర్చోబెడితే, చల్లగాలికి కునుకు పట్టింది. లేచేసరికి కంకులన్నీ తడిసి ముద్దయ్యాయి. తర్వాత గింజ కంకి మీదే మొలకెత్తింది. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. పచ్చగా మొలిచిన ఆ కంకులను ఏరి పెంటకుప్ప మీద వేసి చేతులు కడుక్కుంది. తిట్టి ఉంటే బాగుండేదని పిన్నికి ఇన్నేళ్ళుగా అనిపిస్తూనే ఉంది.

ఆ అత్తగారే పోయేముందు తన జొన్న విత్తనాన్ని ఈమె చేతికి అప్పగించింది. పొట్టి రకం. ఆలస్యంగా విత్తినా, వానలు ముందే ముఖం చాటేసినా, ఉన్న తడితోనే గింజ కట్టేస్తుంది. వానలకు వేళాపాళా లేకుండా పోయాక వీధి వీధంతా దాన్నే నమ్ముకుంది. కానీ విత్తనం దాచే ఓపిక ఎవరికీ లేదు. పండినదంతా తిండికి వాడుకుని, విత్తే వేళకు చేట పట్టుకుని పిన్ని గడపకు వచ్చేవారు. తోడికోడలైతే "అక్క ఉండగా ఎలుకలతో నాకెందుకమ్మా తంటా" అని బాహాటంగానే అనేది.

ఒకప్పుడు కోతల కాలంలో ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది. అలాంటిది ఒక ఏడు కోత అయీ అవగానే మబ్బు పట్టింది. ఉరుముతుంది, కురవదు, కదలదు. కంకుల్లో పచ్చి ఆరకముందే పిన్ని వాటిని కుప్ప చేసి, టార్పాలిన్ పట్ట కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టింది. మర్నాడు కాసేపు ఎండ వచ్చింది.

"పట్ట తియ్యవే, కాస్త గాలి తగలనీ" అన్నాడు భర్త.

"ఆ ఎండ మొహం చూశావా? అరువు తెచ్చుకున్న ఎండ! నేనిలా తీస్తానో లేదో అలా కురుస్తుంది."

"పచ్చి కంకులే అవి. లోపల ఉడికి చస్తాయి."

"తడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు."

"నీకు తెలిసింది అదొక్కటే" అని గొణుక్కుంటూ ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

రోజులు గడిచాయి. మబ్బు కదల్లేదు, ఆమె పట్ట కదపలేదు. చివరికి ఒక్క చినుకైనా పడకుండానే గాలి ఆ మబ్బును ఎటో తోసుకుపోయింది. పట్ట ఎత్తగానే పులిసిన వాసన గుప్పుమంది. కుప్పలో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. సెగ!

గబగబా ఆరబోసింది. గింజ కాస్త మసకబారింది తప్ప పైకి బాగానే ఉంది.

"పిడికెడు తడిగుడ్డలో కట్టి చూడవే, మొలక వస్తుందో లేదో" అన్నాడు భర్త.

"చూద్దాంలే, ఇప్పుడేం తొందర" అని తప్పించుకుంది. చూస్తే తెలిసిపోతుంది. తెలియనన్నాళ్ళూ విత్తనం బతికి ఉన్నట్టే కదా అని మూట కట్టి అటక మీద పెట్టింది. ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

వేసవి వెళ్ళింది. ఎన్నేళ్ళకో తొలి వాన సకాలంలో, నేలంతా నానేలా కురిసింది. అప్పుడిక తప్పక కొన్ని గింజలు తడి గోనెలో మొలకకు పెట్టింది. అది విప్పి చూసే రోజునే తోడికోడలు చేటతో వచ్చింది. గోనెలో గింజలు ఉబ్బి, జిగటగా, చచ్చి పడి ఉన్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి తెల్లగా మొలక.

"ఇదేంటక్కా?"

"ఉడికిపోయాయి. కోతలప్పుడు పట్ట తియ్యలేదు నేను."

"కోతలప్పుడా? ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు మరి?" తోడికోడలు చేట నేలకేసి కొట్టింది. "ముందే చెబితే నా గింజలు దాచేదాన్ని కదా! మొన్ననేగా ఆఖరి మూట మర పట్టించాను. నేనే కాదు, అందరం పట్టించేశాం. నిన్ను చూసుకునే కదా!"

పిన్ని గోనెలోంచి బతికిన మొలకలను ఒక్కొక్కటే ఏరసాగింది.

వేరే దారి లేక అందరూ కొట్లో దొరికిన పొడుగు రకం విత్తారు. మనిషెత్తు పెరిగింది. దారినపోయేవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కంకి బయటికి వచ్చే వేళకు వానలు ఆగిపోయాయి. గింజ కట్టలేదు. చేలన్నీ మేతకే కోశారు. పిన్ని భర్త ఇటుక బట్టీలో పనికి వెళ్ళిపోయాడు. వీధిలో చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

గోనెలో బతికిన మొలకలను మాత్రం పిన్ని చేను మూల నాటింది. అవి ఒడినిండా కంకులు ఇచ్చాయి. కోసిన రోజున తోడికోడలు వచ్చి నిలబడింది. మేత కోసి కోసి ఆమె చేతుల నిండా గాట్లు.

"ఇలా ఇవ్వక్కా. ఇకమీదట విత్తనం మా ఇంట్లో ఉంటుంది."

పిన్ని ఒడిలోని కంకులను ఆమె చేటలోకి ఒంపింది.

"ఇంకా పచ్చిగా ఉన్నాయే. కుప్ప..."

"తెలుసు" అంది తోడికోడలు, వెనక్కి తిరగకుండానే.