స్టూడెంట్ గేటు దగ్గర మా బావ

కాలేజీ బాస్కెట్‌బాల్ హాలు స్టూడెంట్ గేటు దగ్గర పనిచేస్తూ మా బావ జుట్టు నెరిపించుకున్నాడు గానీ, లోపల జరిగే ఆటని మాత్రం ఏనాడూ చూసిన పాపాన పోలేదు. చూద్దామన్నా కుదరదు. ఆయన బల్ల వాకిట్లో ఉంటుంది, కుర్చీ బయటివైపు తిరిగి ఉంటుంది, ఆట వీపు వెనక జరుగుతుంది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు అడగడం, కార్డులోని మొహమూ ఎదురుగా ఉన్న మొహమూ ఒకటేనని తేల్చుకోవడం, మణికట్టుకి కాగితం పట్టీ కట్టడం, ఎందరు లోపలికెళ్లారో లెక్కపెట్టే చేతిలోని మీటని టిక్కుమనిపించడం, ఇదీ ఆయన పని. గ్యాలరీ నిండగానే గొలుసు అడ్డం వేసి, "ఇక లేదు, ఇళ్లకి పోండి" అంటాడు. ఆ ఒక్క మాటకి ఆయన తిన్న తిట్లు పోగేస్తే హాలు పట్టదు.

పట్టీ కట్టడంలో మా బావది ఉడుంపట్టు. కాస్త వదులుగా కడితే చాలు, కుర్రాళ్లు లోపలికెళ్లి చేతికి సబ్బు రాసుకుని పట్టీని జార్చి, కిటికీలోంచి బయటున్న స్నేహితుడికి అందిస్తారు. ఒకే పట్టీ మీద ఒక గుంపు గుంపంతా లోపలికి వచ్చేస్తుంది. అందుకని వేలు కూడా దూరకుండా బిగిస్తాడు. "అమ్మో, చెయ్యి ఊడిపోయేలా ఉంది సార్" అని ఎవరైనా మూలిగితే, "ఆట అయ్యేదాకా ఉంటుందిలే, ఊడదు" అంటాడు. పిల్లలు ఆయనకి సంకెళ్ల సార్ అని పేరు పెట్టారు. ఇంట్లో నేనూ అప్పుడప్పుడు అలాగే పిలుస్తుంటాను. బావమరిదిని, నాకా మాత్రం హక్కు లేదా?

నేను అదే హాల్లో స్కోరు బోర్డు దగ్గర కూర్చుంటాను. ఆట గడియారం నా చేతిలో ఉంటుంది. ఫౌల్ అయి రిఫరీ ఈల వేస్తే గడియారం ఆపాలి, బంతి మళ్లీ ఆటలోకి రాగానే వదలాలి. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. ఉంటుంది, కాదనను. ఈ సంగతి చెప్పేటప్పుడు అది ఇంకాస్త ఎక్కువైతే ఏమీ అనుకోకండి.

అక్కకీ బావకీ ఒక్కతే కూతురు. చిన్నప్పుడు క్లాసులో అందరికంటే కురచగా ఉండేదని పొట్టిది అని పిలిచాం. తర్వాత అది మా అందరి తలల మీదుగా చూసేంత ఎదిగింది, పేరు మాత్రం ఎదగలేదు. అదే కాలేజీలో చదువుతూ అమ్మాయిల జట్టులో ఆడేది. బంతి అందుకుని ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోవడం దాని ఆట. ఆపలేక అవతలివాళ్లు చెయ్యి వేసేవారు, ఇది కింద పడేది, ఫౌల్ అయ్యేది. లేచి, మోకాళ్లు దులుపుకుని, గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డుపడకూడని ఫ్రీ త్రో వేసేది. మళ్లీ అదే దూకుడు. దెబ్బలంటే లెక్కే లేదు దానికి.

అమ్మాయిల ఆట మధ్యాహ్నం, అబ్బాయిల ఆట సాయంత్రం, రెండూ ఒకే హాల్లో. సాయంత్రం ఆటకి జనం విరగబడతారు. మధ్యాహ్నం ఆటకి మాత్రం ఆడేవాళ్ల స్నేహితురాళ్లు కొందరు, హాలు చల్లగా ఉంటుందని కునుకు తీయడానికి వచ్చే లైబ్రరీ అటెండరు, అంతే. గేటు దగ్గర బావకి ఈగలు తోలుకోవడం తప్ప పని ఉండేది కాదు. "ఓసారి ఇటు తిరిగి నీ కూతుర్ని చూడొచ్చు కదా" అంటే, "డ్యూటీలో ఉండి గేటుకి వీపు పెడితే ఎలారా" అనేవాడు. చెవులు మాత్రం లోపలే ఉండేవి. ఖాళీ హాల్లో ప్రతి చప్పుడూ గోడలకి తగిలి వాకిలిదాకా వస్తుంది. బంతి దభీమనడం, బూట్లు కీచుమనడం, "ఇటు, ఇటు" అని పొట్టిది అరవడం. ఆట అయ్యాక నేను చెప్పబోయేలోపే ఆయన అడిగేవాడు, "ఇందాక గట్టిగా పడింది కదూ? మోకాలేనా?" అని. ప్రతిసారీ సరిగ్గానే అడిగేవాడు.

అంతా బాగానే జరిగిపోతున్నప్పుడు మనిషికి ఊరికే ఉండబుద్ధి కాదు. ఒకరోజు గేటు దగ్గర టీ తాగుతూ బావ అన్నాడు:

"ఒరేయ్, దాని మనసు ఎంత చిన్నబోతుందో ఆలోచించావా? అంత ఒళ్లు హూనం చేసుకుని ఆడితే చూసే దిక్కు లేదు. సాయంత్రం చూడు, ఇదే గేటు దగ్గర తోసుకు చస్తారు."

"అది నీతో అందా బావా?"

"అనాలేంటి? కన్నతండ్రిని, నాకు తెలీదా?"

తెలీదని ఆయనకి తెలియలేదు. పైవాళ్ల ముందు నోట్లో నాలుక లేని ఆ మనిషి, ఆ వారమే ప్రిన్సిపాల్ గారి గది తలుపు తట్టి ఒక ఉపాయం చెప్పి వచ్చాడు. సాయంత్రం ఆటకి పట్టీ కావాలంటే మధ్యాహ్నమే వచ్చి కట్టించుకోవాలి. అమ్మాయిల ఆట చివరి ఈల దాకా కదలకుండా కూర్చోవాలి. మధ్యలో లేచిపోతే గేటు దగ్గర పట్టీ కత్తిరించేస్తారు. నిండిన గ్యాలరీ ఫొటోలు కాలేజీ గోడలకి తగిలించుకోవచ్చని ప్రిన్సిపాల్ గారు చంకలు గుద్దుకున్నారు. నోటీసు ఆయన సంతకంతోనే వచ్చింది. బావ ఒక చిన్న కత్తెరకి దారం కట్టి మెళ్లో వేసుకున్నాడు.

"ఇది నా ఆలోచన అని ఇంట్లో అనకు. ప్రిన్సిపాల్ గారిదే అనుకోనీ" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

గ్యాలరీ నిండిన మొదటి రోజు నాకు ఇంకా కళ్లకి కట్టినట్టు ఉంది. పొట్టిది ఆటగాళ్ల తలుపులోంచి వచ్చి, తల ఎత్తి చూసి, అక్కడే ఆగిపోయింది. చొక్కా కిందికి లాగి సర్దుకుంది. నాకేసి చూసి నవ్వింది. నేను గేటు వైపు చూశాను. బావ వీపు ఎప్పుడూ లేనంత నిటారుగా ఉంది. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమే వేసింది.

పట్టీ కోసం వచ్చినవాళ్లకి ఆటతో పనేముంది? కాసేపు ఫోన్లు చూసుకున్నారు. తర్వాత అందరి కళ్లూ నా గడియారం మీద పడ్డాయి. అది నడుస్తున్నంతసేపూ ఊరుకునేవారు. ఆగిందంటే చాలు, "అబ్బా, మళ్లీనా!" అని గ్యాలరీ అంతా ఒక్కసారి మూలిగేది. మరి గడియారం ఆగేది ఎవరి వల్ల? దూసుకెళ్లి కింద పడేది ఎవరు? "పడకే తల్లీ, పొద్దుపోతోంది!" అని ఒకడు అరిచాడు. నవ్వులే నవ్వులు. ఫ్రీ త్రో వేయడానికి అది ఊపిరి పీల్చుకుంటుంటే, "వేసెయ్, వేసెయ్" అని చప్పట్లతో తరిమారు. ఆపకపోతే రిఫరీ ఊరుకోడు, ఆపితే గ్యాలరీ ఊరుకోదు. ఆ ఆపే వేలు నాది. పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

ఆట అయ్యాక బావ మొహం వెలిగిపోతోంది.

"ఏం గోలరా బాబూ! పొట్టిదాన్ని నెత్తిన పెట్టుకున్నట్టున్నారే!"

"బావా, అది మెచ్చుకోలు గోల కాదు. విసుగు."

"నీకు అన్నిట్లోనూ పుల్ల విరుపే" అని కొట్టిపారేశాడు.

ఆ తర్వాత ఆటల్లో పొట్టిది మెల్లమెల్లగా మారిపోయింది. బంతి చేతికి రాగానే వదిలించుకునేది. సందు కనిపించినా దూరేది కాదు. ఎవరైనా మీదకి వస్తే తనే పక్కకి తప్పుకునేది. వాళ్ల కోచ్ మేడం, "నీకేమైందే? ఒంట్లో బాగా లేదా?" అని అడిగితే తల అడ్డంగా ఊపేది. గేటు దగ్గర బావకి ఇప్పుడు బూట్ల చప్పుడు వినపడదు, దాని గొంతూ వినపడదు. గోల ఒక్కటే వినపడుతుంది. ఆ గోల వింటూ మురిసిపోయేవాడు.

అలా ఉండగా ఒక ఆట నువ్వా నేనా అన్నట్టు నడిచింది. ఆఖరి క్షణంలో మనవాళ్లు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. పాత అలవాటు ఎక్కడో మిగిలుందో ఏమో, పొట్టిది బంతి పట్టుకుని లోపలికి దూసుకుపోయింది. తోసేశారు. ఈల పడింది, గడియారంలో ఇక సెకను కూడా మిగల్లేదు. రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడితే స్కోరు సమానం, ఇంకొంతసేపు అదనపు ఆట. మొదటిది పడింది.

గ్యాలరీకి లెక్క అర్థమైంది. రెండోది కూడా పడితే ఇంకా కూర్చోవాలి, సాయంత్రం ఆటలోపు బయటికెళ్లి ఏదన్నా తినే వీలు కూడా ఉండదు. "వద్దు! వద్దు!" అని ఒక మూల మొదలైంది. చూస్తుండగానే హాలంతా అందుకుంది. మా కాలేజీ పిల్లలే. కిందున్నది వాళ్ల జట్టే. అవతలి కాలేజీ అమ్మాయిలు కూడా బిత్తరపోయి పైకి చూశారు. పొట్టిది గీత దగ్గర బంతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడింది. వేసింది. బంతి రింగు అంచుకి తగిలి బయటికి పోయింది.

హాలు దద్దరిల్లింది. ఓడిపోయినందుకు ఎగిరి గంతులేశారు. ఆ హోరు విని బావ, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి, కుర్చీలోంచి లేచి ఇటు తిరిగాడు. కూతురు గెలిపించిందనుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, మొహమంతా నవ్వుతో చప్పట్లు కొట్టాడు. అప్పుడే పొట్టిది తల తిప్పి గేటు వైపు చూసింది.

బావ చూపు స్కోరు బోర్డు మీద పడింది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఆ రోజు అక్క ఇంట్లో నలుగురం భోజనానికి కూర్చున్నాం. 

"నువ్వు కూడా కొట్టావు నాన్నా చప్పట్లు" అంది పొట్టిది, కంచంలోకి చూస్తూ.

"గెలిచామనుకున్నానమ్మా. ఆ గోల విని..."

"ఇన్నాళ్లలో వాళ్లు నాకోసం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది ఇవాళే. నేను తప్పితే కొట్టారు." మెతుకులు కంచం అంచుకి తోసింది. "ఆ రూలు ఎవరు పెట్టారో గానీ, వాళ్లకి నామీద ఏం కక్షో."

అక్క ఎందుకో భర్త వైపు చూసింది. బావ నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశాడు.

"నేనేనమ్మా. ప్రిన్సిపాల్ గారు కాదు. నీ ఆట నలుగురూ చూడాలని నేనే అడిగాను. నేనే కట్టి కూర్చోబెట్టాను వాళ్లని."

"నలుగురూ చూడాలని నేనెప్పుడైనా అన్నానా నాన్నా? ఎవరూ లేనప్పుడు ఆ హాలంతా నాదే అనిపించేది." కంచం ముందు నుంచి లేచింది. "ఇక ఆడను. మేడంకి చెప్పేస్తాను."

చెప్పేసింది కూడా. బూట్లు మంచం కిందికి తోసేసింది. అక్క ఏడ్చింది, నేను కేకలేశాను, కోచ్ మేడం ఇంటికొచ్చి బతిమాలింది. బావ మాత్రం మంచం కింది బూట్లు తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు. ఇంకేం చేస్తాడు? కూతురికి ఈ లోకంలో అన్నిటికంటే ఇష్టమైనదాన్ని తన చేత్తోనే కత్తిరించేశాడు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

రూలు తీసేయమని బావ ప్రిన్సిపాల్ గారిని అడిగాడు. "హాలు ఇంత కళకళలాడుతుంటే తీసేయమంటావేంటయ్యా?" అని ఆయన నవ్వేసి పంపేశారు. తర్వాతి ఆట రోజు బావ కత్తెర ఇంట్లో వదిలేసి వచ్చాడు. ఆట మొదలయ్యాక లేచి గ్యాలరీ ముందు నిలబడి, "వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లండి. పట్టీ కోయను. సాయంత్రం నేరుగా వచ్చెయ్యండి" అన్నాడు. ముందు ఎవరూ నమ్మలేదు. ఒకడు లేచాడు, ఏమీ కాలేదు. ఆ తర్వాత మెట్ల మీద తొక్కిసలాట జరగకుండా చూడడమే ఆయన పని అయింది. ప్రిన్సిపాల్ గారు పిలిచి చెడామడా తిట్టారు, ఇంకోసారి ఇలా చేస్తే హాస్టల్ వాకిట్లో కూర్చోబెడతానన్నారు. కానీ ఖాళీ బెంచీలకి ఫొటోలు తీయలేరు కదా, రూలు దానంతటదే మూలపడింది.

ఆ తర్వాత వచ్చిన అమ్మాయిల ఆటకి గేటు దగ్గర మళ్లీ ఈగలే. లోపల పొట్టిది లేకుండానే జట్టు బంతి ఆడిస్తూ ఒళ్లు వేడెక్కించుకుంటోంది. ఆట మొదలవ్వడానికి ఇంకా టైముందని నేను బావకి టీ పట్టుకెళ్లాను. ఆయన తాగలేదు. చెవులు లోపలికి పెట్టి కూర్చున్నాడు. ఆ చప్పుళ్లలో తనకి కావలసింది లేదని మొహం చూస్తే తెలుస్తోంది.

బల్ల మీద నీడ పడింది. తలెత్తితే పొట్టిది. కాళ్లకి మామూలు చెప్పులు, భుజాన పుస్తకాల సంచీ. ఆటగాళ్ల తలుపు అటువైపు ఉంది. అది ఇటు వచ్చింది. గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది, అందరిలాగే.

బావ ఆ కార్డు తీసుకుని ఫొటో చూశాడు, ఎదురుగా ఉన్న మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. అది మణికట్టు ముందుకి చాపింది. ఆయన పట్టీ తీసి కట్టబోతే అంచులు కలవలేదు. రెండోసారి కలిశాయి. అలవాటు చొప్పున బిగించాడు.

"అంత గట్టిగా కట్టకు నాన్నా" అంది పొట్టిది. "చూడ్డానికే వచ్చాను. మధ్యలో లేచిపోను."