ఇంజను గదిలో నీళ్ళకుండ

తనకు చెవుడు వచ్చిన సంగతి తనకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదని మత్తయి మూడేళ్ళపాటు నమ్మాడు. చర్చిలో అందరూ లేస్తే లేచేవాడు, కూర్చుంటే కూర్చునేవాడు. పాట మాత్రం అందరికంటే ఒక చరణం వెనక పాడేవాడు. పాపం, అంత గట్టిగా నమ్ముకున్న మనిషిని కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

చెరుకుపల్లి నుంచి రేపల్లె పోయే దారిలో, కాలవ గట్టున ఉండేది అతను పనిచేసే బియ్యం మిల్లు. మిల్లు యజమాని పాండురంగారావుగారి తాతగారు స్వరాజ్యం రాకముందే సీమ ఇంజను తెప్పించి, పడవ మీద కాలవలో తీసుకొచ్చి దింపించారు. మత్తయి పద్దెనిమిదో ఏట ఆ ఇంజను దగ్గర చమురుగుడ్డ పట్టుకున్నాడు. అరవై దగ్గరపడుతున్నా వదల్లేదు. మనిషెత్తు చక్రం, దాని పక్కన నల్లటి ఇనప దిమ్మ. పొద్దున్నే అది డుబ్ డుబ్ మంటూ లేస్తే, ఊళ్ళో సగం మంది ఆ చప్పుడుకే పొయ్యి వెలిగించేవారు.

ఆ పాటికి తెనాలిలో, రేపల్లెలో కరెంటు మిల్లులు చాలానే వచ్చాయి. బియ్యం తెల్లగా మెరిసిపోయేవి, కాదనను. కానీ అక్కడ లారీ లోడు తెచ్చినవాడికే మర్యాద. ఇక్కడ సైకిలు మీద ఒక్క బస్తా ధాన్యం తెచ్చుకున్నవాడు కూడా కళ్ళముందే ఆడించుకుని, తన బియ్యం, గేదెకు తౌడు పట్టుకుని ఇంటికి పోయేవాడు. తొంభైలో తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకు అన్నం పెట్టింది ఈ ముసలి ఇంజనే.

ఇంజను గదికీ మిల్లు వసారాకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉండేది. ఇటు పక్క కిటికీ కింద మత్తయి ముక్కాలిపీట. అటు పక్క చాటలతో బియ్యం చెరిగే ఆడవాళ్ళు. వాళ్ళకు పెద్ద, మత్తయి భార్య కమలమ్మ. ఆ రొదలో ఎవరు అరిచినా ఎవరికీ వినబడదు కాబట్టి పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. కమలమ్మ లేచి నిలబడి చాట పైకెత్తితే, మంచినీళ్ళు కావాలని. కుండ ఉండేది ఇంజను గది వెనక గుమ్మంలో, కాలవ గాలి తగిలేచోట. మత్తయి చెంబు పట్టుకుని ఇంజను చుట్టూ తిరిగి పోయి, ముంచుకొచ్చి కిటికీలోంచి అందించేవాడు.

అయితే ఈ మూడేళ్ళలో వాళ్ళకు దాహం మరీ ఎక్కువైంది. ఎండాకాలమా, ముసురా అని లేదు, పూటకు నాలుగుసార్లు చాట లేచేది. "కాలవంతా తాగేస్తారా ఏంటి మీరు?" అని విసుక్కుంటూనే మత్తయి లేచేవాడు. పోతూ పోతూ ఇంజను వైపు చూస్తే, చమురు బొట్టు పడటం ఆగిందనో, బేరింగు వేడెక్కుతోందనో కనబడేది. వెంటనే సరిచేసేవాడు. చెవులు పోతేనేం, సమయానికి దేవుడే నన్ను లేపి నడిపిస్తున్నాడని లోలోపల మురిసిపోయేవాడు. వసారా గోడ పక్కన ఎవరూ నాటని బొప్పాయి చెట్టు విరగకాస్తుంటే అది కూడా దేవుడి దయే అనుకున్నాడు.

తొంభై ఒకటి ఫిబ్రవరిలో ఒకరోజు రేపల్లెలో చర్చి స్త్రీల సమాజం కూటం పెట్టారు. కమలమ్మ, చెరిగే ఆడవాళ్ళందరూ బస్సెక్కి వెళ్ళారు. ఆ పూట నీళ్ళు అడిగినవాళ్ళు లేరు. మత్తయి హాయిగా పీట మీద కూర్చున్నాడు. అరికాళ్ళ కింద నేల అదురుతోంది కదా, ఇంజను బాగానే ఉందనుకున్నాడు. మాడు వాసన వచ్చి లేచేసరికి బేరింగు కాలి పట్టేసింది. పెద్ద చక్రం మూలిగి ఆగిపోయింది.

"ఇంక చాలు మత్తయీ," అన్నాడు పాండురంగారావు. "పాత ఇనుము కొనేవాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం."

ఆ మాట వినబడలేదు గాని ఆయన మొహం చూస్తే అర్థమైంది. మత్తయి ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కమలమ్మ కూడా ఆ రోజు పలకలేదు. కోపం వచ్చిందనుకున్నాడు.

మర్నాడు ఆమె మిల్లుకు వెళ్ళి, "ఎండాకాలం దాటేదాకా ఆగండయ్యగారూ, బేరింగు సంగతి మేం చూసుకుంటాం," అని అడిగింది. వాళ్ళ ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసేముందు చర్చికని ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం అలవాటు. ఇక మిల్లుకని రెండో పిడికెడు తీయడం మొదలైంది. ఈ మాట పెద్ద వీధికి పాకింది. ఆసామి ఇంటి కనకదుర్గమ్మగారు కమలమ్మను పిలిపించి, "మిల్లు ఊరందరిదీ కాదా ఏంటి? మా వీధి పిడికెడు మీకు చేదా?" అని నిలదీసింది. ఆ వీధిలోనూ ఇంటింటికీ ఒక డబ్బా వెలిసింది.

ఆ పిడికిళ్ళు చూస్తుంటే మత్తయికి ముద్ద దిగేది కాదు. నిజం చెబితే ఇంజను దగ్గరకు మళ్ళీ రానివ్వరు. చెప్పకపోతే ఊరి నోటి దగ్గర కూడు పోసి తెచ్చిన బేరింగు మళ్ళీ తన చేతుల్లోనే కాలుతుంది. నలభై ఏళ్ళు కన్నబిడ్డలా చూసుకున్న ఇంజను. అది బతకాలంటే తను తప్పుకోవాలి. ఆ ముక్క అనుకోగానే కళ్ళనీళ్ళు వచ్చేవి.

జూన్‌లో, ఆ బియ్యం అమ్మిన డబ్బుతో తెనాలిలో పోతపోయించిన కొత్త బేరింగు బస్సు మీద వచ్చింది. వసారాలో జనం చేరారు. పాండురంగారావు దాన్ని తడిమి చూసి, "బాగానే ఉంది. మళ్ళీ కాలదని పూచీ ఎవరు?" అన్నాడు.

మత్తయి ఆ మాట పెదాల కదలికలో చదువుకుని, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని లేచాడు.

"పాత బేరింగు తప్పేం లేదండి. తప్పు నాదండి. నాకు చెవుడండి, మూడేళ్ళయింది. సిగ్గుపడి చెప్పలేదు. ఎవర్నైనా పెట్టుకోండయ్యా, నాకు తెలిసిందంతా నేర్పిపోతాను."

అంతా తలలు వంచుకున్నారు. చెరిగే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో అతనికి తెలియలేదు. కమలమ్మ దగ్గరకు వచ్చి, అతని చెవిలో గట్టిగా అడిగింది.

"మాకు అంత దాహం ఎందుకేసిందనుకున్నావు మావా?"

మత్తయి చెవి ఇంకాస్త దగ్గరికి వంచాడు.

"ఇంజను గొంతు మారినప్పుడల్లా చాట ఎత్తేదాన్ని. నువ్వు నీళ్ళకని లేస్తే అటుపక్క చూసుకుంటావని. ఆ రోజు మేం రేపల్లె పోకుండా ఉంటే బేరింగు కాలేది కాదు. ఆ తప్పు మాది కాదా?"

"మరి ఆ నీళ్ళు?"

"బొప్పాయి చెట్టుకు పోశాం."

"ఒక్క మాట చెప్పకపోయావా కమలా?"

"చెబితే మానేస్తావు. మానేస్తే బతకవు."

పాండురంగారావు బొప్పాయి చెట్టు వంక చూశాడు. తర్వాత, "పూచీ దొరికింది. బిగించు మత్తయీ," అన్నాడు, ఈసారి అతనికి వినబడేంత గట్టిగా.

రెండు రోజులకు ఇంజను లేచింది. కనకదుర్గమ్మగారి బస్తా ముందు పోశారు. గంట గడిచిందో లేదో, కిటికీలో చాట లేచింది. మత్తయి పరుగున అటుపక్కకు పోయి చూశాడు. చమురు బొట్టు బొట్టుగా పడుతూనే ఉంది. బేరింగు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఏమైందో అర్థంకాక కిటికీ దగ్గరకు వచ్చి చేత్తో అడిగాడు.

కమలమ్మ తన గొంతు చూపించింది.

మత్తయి వెనక గుమ్మానికి పోయి, కుండలో చెంబు ముంచి తెచ్చి ఇచ్చాడు. ఆమె అతని వంక చూస్తూ చెంబెడు నీళ్ళూ తాగేసింది.