తెల్ల చీర మీద పెట్టిన మీటరు

నూజివీడు బస్టాండు దగ్గరి స్టూడియోలో ఆనంద్ బాబు ఇప్పుడు తీసేవన్నీ పాస్‌పోర్టు సైజు ఫోటోలే. అరవై రెండేళ్ళొచ్చాయి, మోకాళ్ళు అరిగాయి. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళూ లేరు, పిలిచినా వెళ్ళే ఓపికా లేదు. ఈమధ్య యూనివర్సిటీ పిల్లలకి పాత ఫిల్ము కెమెరాల మీద పిచ్చి పట్టుకుంది. తాతల నాటి సామాను మెళ్ళో వేసుకుని నేర్పమని వస్తున్నారు. అతను విసుక్కుంటూనే నేర్పుతాడు.

"నీడ పడ్డ చోట వెలుతురు కొలిచే మీటరు పెట్టండి. నాలుగొందల స్పీడు ఫిల్ముని రెండొందలని మీటరుకి అబద్ధం చెప్పండి, వెలుతురు రెండింతలు ఇమ్మంటుంది. కలరు ఫిల్ము వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే అస్సలు ఓర్చుకోదు."

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు సార్ అంటే మాత్రం మాట మార్చేస్తాడు. నేర్చుకున్నది చాట్రాయి చర్చిలో, ఒక పెళ్ళికూతురి ఫోటోలు తగలేసి.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. పెళ్ళికూతురు తబితా నల్లగా, కళగల మొహంతో ఉండేది. తెల్ల చీర, తెల్ల ముసుగు, వెనక సున్నం కొట్టిన గోడ. మీటరుకి మనుషులు తెలియరు, వెలుతురే తెలుసు. అంత తెలుపు చూసి ముల్లు ఎగిరిపడింది. ఆనంద్ బాబు దాని మాట నమ్మి, కెమెరాలోకి వెళ్ళే వెలుతురు బాగా తగ్గించేశాడు. ప్రింట్లు చూస్తే చీర మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మొహం మాత్రం మసిగుడ్డ. కళ్ళెక్కడో ముక్కెక్కడో తెలియలేదు.

తిట్లు తినడానికి సిద్ధపడే ఆల్బం పట్టుకెళ్ళాడు. తబితా పేజీలన్నీ తిప్పి, "మీ తప్పేముంది లెండి. నేను నలుపే కదా," అంది. అతను అవుననలేదు, కాదనీ అనలేదు. బతుకు జీవుడా అనుకుని బస్సెక్కాడు. సిగ్గులేని మనిషి!

మొన్న మే నెలలో, ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఒకావిడ ఏదో కార్డుకి ఫోటో కావాలని వచ్చింది. స్టూలు మీద కూర్చుంటూ, "ఎలా వచ్చినా పర్లేదండీ, నేనెలాగూ నలుపే," అంది. ఆ మాట వినగానే ఆనంద్ బాబు కెమెరా దించేశాడు.

"మీరు చాట్రాయి తబితా గారు కదమ్మా?"

"అయ్యో, గుర్తుపట్టారే!"

"మీ పెళ్ళి ఫోటోల్లో తప్పు నాదమ్మా. మీ చీర చూసి మీటరు పెట్టాను. మొహానికి వెలుతురు చాల్లేదు. మీ రంగుకీ దానికీ సంబంధం లేదు."

తబితా స్టూలు మీంచి లేచింది.

"అప్పుడే చెప్పొచ్చు కదండీ," అంది. "ఆ ఆల్బం చూశాక నేను ఏ ఫోటోలోనూ ముందుకి రాలేదు. మా అమ్మాయి పెళ్ళిలో కూడా అందరి వెనకే నిలబడ్డాను."

ఆనంద్ బాబుకి ఏడుపొచ్చినంత పనైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"పోనీ, ఆ నెగెటివులుంటే ఇప్పుడైనా బాగా కడగలేరా?" అని అడిగిందావిడ.

"ఉన్నాయమ్మా. వాటిలో మీ మొహం లేదు. ఫిల్ములో పడనిది ఎన్నిసార్లు కడిగినా రాదు."

యూనివర్సిటీ పిల్లలు గురుదక్షిణంటూ ఇచ్చిన ఫిల్ము రోలొకటి అల్మారాలో ఉంది. దాన్ని పాత కెమెరాలో వేసి, ఆవిణ్ణి స్టూడియో వెనక చెట్టు నీడలోకి రమ్మన్నాడు. చేతి మీటరుని ఆవిడ చెంప దగ్గర, నీడ పడ్డ వైపు పెట్టాడు. మీటరు చెప్పినదానికంటే ఒక స్టాపు ఎక్కువగా, అంటే రెండింతల వెలుతురు ఇచ్చాడు. వెనకున్న ఎండ మరీ తెల్లగా వస్తే రానీ అనుకున్నాడు.

పన్నెండు రోజులకి హైదరాబాద్ ల్యాబు నుంచి ప్రింటు వచ్చింది. కబురందుకుని తబితా వచ్చింది. ఫోటోలో నలుపు నలుపుగానే ఉంది. ఆ నలుపులో కళ్ళున్నాయి, వాటి కింద ముడతలున్నాయి, పెదవి పక్కన పుట్టుమచ్చ ఉంది. ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"పెళ్ళినాడు కూడా ఇలాగే ఉన్నానాండీ?"

"ఇంతకంటే బాగున్నారమ్మా. నేను చూశాను," అన్నాడు ఆనంద్ బాబు.

తబితా ఫోటోని సంచీలో పెట్టుకోలేదు. చాట్రాయి బస్సు వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.