వెంకటరమణప్ప వేసిన సెల్లు

పుంగనూరు బస్టాండు పక్కన టార్చిలైట్లు, రేడియోలు బాగుచేసే వెంకటరమణప్పకు లోకంలో తెలిసిన జబ్బు ఒక్కటే: సెల్లు వీకవడం. గోడగడియారం ఆగినా, ఆవు పాలు తగ్గినా, పక్కింటి అల్లుడు అలిగినా ఆయన తీర్పు మారదు. "సెల్లు మార్సాలప్పా!" ఒకసారి చౌడేపల్లె దారిలో బస్సు ఆగిపోతే, దిగి వెళ్లి డ్రైవరుకూ అదే చెప్పాడు. డ్రైవరు ఏమన్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆయన అంగడి వెనకింట్లో ఉండే రామక్క ఈ మాట ఇరవై ఏళ్లుగా వింటూనే ఉంది. ఆమె రోజూ పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె టమేటా మండీకి పోతుంది. నేలమీద పోసిన కాయలను వంగి వంగి ఏరి బాక్సులకెత్తుతుంది. 2008 ఎండాకాలంలో ఆ వంగిన నడుము ఇక లేవనని మొండికేసింది. స్కానింగు తీస్తే వెన్నుపూసల మధ్య డిస్కు అరిగిందన్నారు.

"ఏమన్నారు రామక్కా?"

"డిస్కు అరిగిందంటన్నా."

"సెల్లు మార్సాల."

"ఊరుకోన్నా, నొప్పితో నేను సస్తాంటే!"

వారం తిరక్కుండా ఊళ్లో కరపత్రాలు పంచారు. అరిగిన డిస్కుకు స్టెమ్ సెల్ చికిత్స, ఆదివారం కల్యాణమంటపంలో ఉచిత సలహా. రామక్క ఆ కాగితం పట్టుకుని, నడుం పట్టుకుని, అంగడికి పరిగెత్తినంత పని చేసింది.

"నీ నోట్లో సక్కెర పొయ్య! నువ్వు సెప్పిందే నిజమాయె. మన ఒంట్లో సెల్లే తీసి నడుములో ఏస్తారంట. ఆవునమ్మేసైనా ఏపించుకుంటా."

సెల్లన్న మాటకు ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి తల గోక్కున్నాడు.

"ఏ సెల్లు? పెద్దదా, సిన్నదా?"

"నాకేం తెలుసు?"

"ఆ స్కానింగు ఫిలిమిట్టియ్యి. సెల్లు యాడుండాదో సూసిస్తా."

రెండు రోజులు అంగడి మూసే ఉంది. ఫిలిం వెనక టార్చి పెట్టి వెతుకుతున్నాడని బస్టాండంతా నవ్వుకుంది.

ఆదివారం టై కట్టుకున్న ఏజెంటు మైకు పట్టగానే ముందు వరసలోంచి వెంకటరమణప్ప లేచాడు.

"సామీ, ఈ సెల్లుకు గ్యారంటీ ఎన్నాళ్లు?"

జనం గొల్లుమన్నారు.

"ఇది అలాంటి సెల్లు కాదు పెద్దాయనా."

"పోనీ, ఇంతకుముందు ఎందరికేసినారు? ఎందరికి బాగైంది?"

"ఆ పేపర్లు బెంగుళూరులో ఉన్నాయి."

"పాత రేడియోకే నేను గ్యారంటీ సీటీ రాసిస్తానప్పా. నువ్వు నడుముకు ఈలేవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి చెప్పులు వెతుక్కున్నారు. రామక్కకు మాత్రం ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఉన్న ఒక్క ఆశనూ ఈ పిచ్చాయన పోగొట్టాడు.

"నీ సెల్లు పిచ్చితో నా నోట్లో మన్ను కొట్టినావు గదన్నా!"

"కుప్పం పో. ఆడ వరుణ్ అని ఒక డాక్టరుండాడు," అని మాత్రం అన్నాడాయన.

కుప్పం ఆసుపత్రిలో డాక్టరు ఫిలిం చూడగానే నవ్వాడు.

"ఇది చూశానమ్మా. టార్చీల పెద్దాయన తెచ్చాడు. రెండు రోజులు ఇక్కడే కూర్చుని, అడిగిందల్లా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ స్టెమ్ సెల్ వైద్యం మీద ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి. నయమవుతుందని ఇప్పుడే ఎవరూ మాట ఇవ్వలేరు. దానికోసం ఆవునమ్మకండి. వ్యాయామం చెప్తాను, చెయ్యండి. వంగడం మానండి."

"వంగకుంటే కూలెట్ల సామీ?"

"ఆ సంగతీ అడిగాడు. నిలబడితే మీ మోచెయ్యి ఎంత ఎత్తుంటుందని. నాకేం తెలుస్తుందమ్మా!"

రామక్క తిరుగుబస్సులో దారి పొడుగునా ముక్కు తుడుచుకుంటూనే వచ్చింది. అన్నను అన్న మాట ఆమెకే గుచ్చుకుంటోంది.

నెలన్నరకు నొప్పి కాస్త తగ్గి మండీకి పోతే, బస్సు టాపుమీద వేసుకొచ్చిన బల్ల ఒకటి దింపుతూ కనబడ్డాడు వెంకటరమణప్ప. సరిగ్గా ఆమె మోచేతి ఎత్తు. టమేటాలు దానిమీద పోసుకుంటే నిలబడే ఏరుకోవచ్చు. ఒక కాలు పొట్టిదై బల్ల ఊగింది. ఆయన జేబులోంచి పాత టార్చి సెల్లు తీసి, రాయితో చదునుగా కొట్టి, ఆ కాలికింద దూర్చాడు.

"సూసినావా? సెల్లేస్తేనే నిలబడింది."

రామక్క బల్లను అటూ ఇటూ ఊపి చూసింది. కదల్లేదు.

"గ్యారంటీ ఎన్నాళ్లన్నా?"

"నేనుండేదాకా. ఆపైన సెల్లు మార్సుకో."